రెండు చెవుల త్రినాథరావు

త్రినాథరావుకు ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. ఒకసారి కుడి చెవిలో, ఒకసారి ఎడమ చెవిలో. చెవుడా అంటే కాదు, వీధి చివర సైకిలు గంట మోగితే అది ఎవరి సైకిలో మేడ మీంచే చెప్పగలడు. మతిమరుపా అంటే అదీ కాదు. మొదటి మాట మొత్తం శ్రద్ధగా వింటాడు, తలాడిస్తాడు, కళ్ళజోడు సవరించుకుంటాడు, తల నెమ్మదిగా అవతలి పక్కకు తిప్పి, "ఇప్పుడు ఈ చెవిలో కూడా చెప్పండి" అంటాడు. చెప్పేవాడు మంత్రి అయినా అంతే, పాలు పోసే ఐలమ్మ అయినా అంతే.

ఈ సంగతి కాలనీ అంతటికీ తెలిసింది ఐలమ్మ వల్లనే.

"పాలు కాస్త పల్చగా ఉన్నట్టున్నాయి ఐలమ్మా," అన్నాడతను ఒక పొద్దున.

"మా బర్రె పాలు గట్లనే ఉంటయి సారూ. నీళ్ళ చుక్క తగలలే."

అతను తల తిప్పాడు. "ఇప్పుడు ఈ చెవిలో చెప్పమ్మా."

ఐలమ్మ చెంబు పట్టుకుని ఎడమ పక్కకు వెళ్ళి నిలబడింది. నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. "గిలాసెడు నీళ్ళు పోసిన సారూ. పొద్దుగాల బర్రె తన్నింది, సగం పాలు మట్టిపాలయినయి."

"నీకు దెబ్బ తగల్లేదు కదా?" అని అడిగి, అతను గిన్నె పట్టుకుని లోపలికి పోయాడు. ఐలమ్మ మాత్రం గేటు గేటుకూ చెప్పింది. "గా సారుతోని జర పైలం. ఎడమ చెవుల అబద్ధం దూరుతలేదు."

ఆ సారు కిరాయికి ఉన్నది పాండురంగం ఇంట్లో. పాండురంగం అంటే మామూలు మనిషి కాడు. కనీసం ఆయన లెక్కలో కాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ పోయే రోడ్డుకు లోపలగా, జొన్న చేలు పోయి ప్లాట్లు లేచిన ఆ కాలనీకి ఆయనే మొదటి కాపురస్థుడు. పుట్టింది అల్మాస్‌గూడ. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. ఆ ఐదో తరగతిని ఆయన చెప్పుకున్నట్టు ఎమ్మే చదివినవాళ్ళు ఎమ్మేను చెప్పుకోరు.

"మా పంతులు నా పలకను ఊరంత తిప్పి చూపెట్టిండు. అక్షరం అంటే గిట్ల ఉండాలె అన్నడు. ఇగ కాలనీ సంగతి అంటవా, తొలి బోరు నేనే ఏపిచ్చిన. కరెంటు నేనే తెచ్చిన. బస్సు నేనే ఆపిచ్చిన."

బోరు కథ అరగంట. కరెంటు కథ ముప్పావుగంట. బస్సు కథ ఎంతసేపో ఎవరికీ తెలీదు, చివరిదాకా కూర్చున్నవాళ్ళు లేరు. ఆయన వాకిట్లో నవారు మంచం మీద కనిపిస్తే చాలు, కాలనీ జనం సైకిలు దిగి వెనక సందులోంచి నెట్టుకుపోయేవాళ్ళు. ఆయన భార్య సత్తెమ్మయితే 'కరెంటు' అన్న మాట వినబడగానే "పాలు పొంగుతున్నయి" అని వంటింట్లోకి పోయేది. ఇంట్లో పాలు లేని రోజు కూడా పొంగేవి.

ఊరుగా ఉన్నప్పుడు మనిషి ఎదురైతే మాట ఉండేది. ఇప్పుడు ఇంటికో గేటు, గేటుకో గొళ్ళెం. కుక్కలేని ఇంటికి కూడా 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు. తొమ్మిదింటికి మొగవాళ్ళు ఆఫీసులకు, పిల్లలు బళ్ళకు పోతే ఇక సాయంత్రం దాకా ఇసుక లారీలు, కంకర చప్పుడు, పాండురంగం. లారీ డ్రైవర్లు కూడా ఆయన్ని చూసి హారను కొట్టకుండా పోయేవాళ్ళు, ఆపి పలకరిస్తాడని.

త్రినాథరావు ఎనభై నాలుగులో వచ్చాడు, గోదావరి జిల్లా మనిషి, నలభై ఐదేళ్ళ ఒంటిగాడు. మేడ మీద గది ఖాళీ ఉందని విని వచ్చాడు. పాండురంగం గది చూపించే ముందు కరెంటు కథ చెప్పడం ఆనవాయితీ. అంతకుముందు వచ్చిన ఏడుగురు గది చూడకుండానే వెళ్ళిపోయారు. ఇతను గోడకు ఆనుకుని, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, ముప్పావుగంటా విన్నాడు. తరవాత తల అటు తిప్పాడు.

"ఏమండీ, ఇప్పుడు ఈ చెవిలో చెప్తారా?"

"ఏంది?"

"మీరు చెప్పిందేనండీ. మొదట్నుంచీ."

పాండురంగం అరవై రెండేళ్ళ బతుకులో ఆ మాట అన్నవాడు లేడు. ఆయన మంచం మీంచి లేచాడు, ఎడమ పక్కకు కుర్చీ జరుపుకున్నాడు, మొదట్నుంచీ చెప్పాడు. చెప్పి, గది చూపించకుండానే తాళంచెవి చేతిలో పెట్టాడు.

త్రినాథరావు యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం మనిషి. సముద్రాల అవతల ఎక్కడో పెద్ద గిన్నెలాంటి యంత్రం ఒకటి ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలు పడుతుంది. ఆ అలలు కాగితం చుట్టల మీద గీతలై, ఓడెక్కి, రైలెక్కి, చివరికి పోస్టుమాన్ సైకిలెక్కి ఈ మేడ మీదికి వచ్చేవి. అతను ఆ చుట్టల్ని మిద్దె మీద పరిచి, గాలికి ఎగరకుండా ఇటుక ముక్కలు పెట్టి, స్కేలు పట్టుకుని వాటి మీద బోర్లా పడుకునేవాడు. పాండురంగం ఒకరోజు మెట్లెక్కి వచ్చాడు.

"రేడియో అంటివి గద సారు. పాటలొస్తయా?"

"పాటలు రావండీ. కొత్త నక్షత్రాలు పుట్టేచోట మేసర్లు ఉంటాయి. వాటి మాటలు వస్తాయి."

"మేస్త్రీలా?"

"మేస్త్రీలు కాదండీ, మేసర్లు. గాలీ దుమ్మూ ముద్దగట్టి నక్షత్రం తయారవుతుంటుంది. దాని చుట్టూ ఉన్న అణువులు అన్నీ కలిసి ఒకే గొంతుతో గట్టిగా అరుస్తాయి."

"కొత్తగ కడుతున్నరంటివి. దుమ్ముందంటివి. ఒర్రుడుందంటివి. మేస్త్రి గాక ఇంకెవలుంటరు సారు?"

త్రినాథరావు ఆలోచనలో పడ్డాడు. "ఇప్పుడు ఈ చెవిలో చెప్పండి," అన్నాడు. రెండోసారీ విన్నాక నోటుబుక్కులో రాసుకున్నాడు.

అప్పట్నుంచి కాలనీలో అతని ఉద్యోగం ఆకాశంలో మేస్త్రీల మీద పరిశోధన. ఇళ్ళు సగంలో ఆగిపోయినవాళ్ళు సాయంత్రాలు వచ్చి గేటు పట్టుకుని నిలబడేవాళ్ళు.

"సారూ, పైన మేస్త్రీలన్న పని తొందరగ చేస్తరా?"

"మొదలుపెట్టి లక్ష ఏళ్ళు దాటిందండీ. ఇంకా అవలేదు."

"అయితే మా ఓడే. ఎటుపోయిండో అనుకుంటున్న."

మరి రెండు చెవుల సంగతేమిటని పాండురంగం అడగనే అడిగాడు. త్రినాథరావు కాగితం మీద ఉన్న రెండు గీతలు చూపించాడు.

"ఆ అల తాడు పేనినట్టు మెలి తిరుగుతూ వస్తుందండీ. కుడి మెలికది ఈ గీత. ఎడమ మెలికది ఈ గీత. రెండూ చెప్పేది ఒకటే. కానీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, వెంట్రుకంత పక్కకు జరిగుంటాయి. ఆ జరిగినదే అసలు సంగతి. అక్కడ కంటికి కనబడని అయస్కాంతం ఒకటి లాగుతోందన్నమాట. ఒక్క గీతే చూస్తే అది ఎప్పటికీ తెలీదు. అందుకని రెండు వైపులా వినడం అలవాటైపోయింది."

పాండురంగం తాళ్ళు పేనినవాడే గనక అది ఆయనకు బాగానే ఎక్కింది. "ఎంత దూరం కెళ్ళి వస్తది గది?"

"బయల్దేరి వేల ఏళ్ళయిందండీ."

"ఎవలింటరు?"

"లోకం మొత్తం మీద ఓ పదిమందిమి ఉంటాం."

"అయినా చెప్తనే ఉంటదా?"

"చెప్తూనే ఉంటుందండీ."

పాండురంగం ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. వినేవాడు లేకపోయినా చెప్తూనే ఉండేవాళ్ళంటే ఆయనకు మొదటిసారి జాలి కలిగింది.

ఆయనకొక తమ్ముడున్నాడు, మల్లేశం. అల్మాస్‌గూడలోనే ఉంటాడు, సైకిలు మీద ముప్పావుగంట దారి. చిన్నప్పట్నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్ళు. ఐదేళ్ళ కింద కాలనీకి కరెంటు వచ్చిన రోజున సభ పెట్టారు, పాండురంగం మాట్లాడాడు, మల్లేశం చాయ్ ముట్టకుండా లేచిపోయాడు. మళ్ళీ అన్న గడప తొక్కలేదు.

"ఎందుకండీ కోపం?" అని త్రినాథరావు ఒకసారి అడిగాడు.

"ఆనికి పొగరు సారు."

"ఈ చెవిలో?"

"…ఏమో సారు. నాకు తెల్వది."

దసరా వెళ్ళిన రెండో ఆదివారం పాండురంగానికి సన్మానం చేయాలని కాలనీవాళ్ళు నిర్ణయించారు. శాలువా, దండ, షామియానా. ఆయన పైకి గంభీరంగా ఉన్నాడు గానీ సంబరం మీసాల్లో తెలిసిపోతోంది. ఆ సంబరం రెండు రోజులే నిలిచింది. మూడోనాడు మేడెక్కి వచ్చి త్రినాథరావు కుడి పక్కన కూర్చున్నాడు.

"మల్లేశాన్ని పిలుస్తలేను సారు. ఆడొస్తే ఎంత, రాకుంటె ఎంత."

త్రినాథరావు తల తిప్పాడు. పాండురంగం లేచి అటు మారి కూర్చున్నాడు. చాలాసేపు ఇటుక ముక్కను అటూ ఇటూ జరిపాడు.

"ఆడు రాకుంటె గా కుర్చీల కూసుండబుద్ధి అయితలేదు," అన్నాడు.

ఆ వారమంతా ఉపన్యాసం రిహార్సలు. బోరు, కరెంటు, బస్సు, ఐదో తరగతి, అన్నీ రెండేసి సార్లు. త్రినాథరావు వింటూ నోటుబుక్కులో గీతలు గీసుకునేవాడు. గురువారం సాయంత్రం ఆ పుస్తకం తెరిచాడు.

"పాండురంగం గారూ, ఒక సంగతండీ. కుడి చెవిలో మీరు 'కరెంటు తెచ్చిన' అంటున్నారు. ఎడమ చెవిలో 'కరెంటు తెచ్చినం' అంటున్నారు."

"రెండొకటే గద."

"మా వైపు 'తెచ్చాను' వేరు, 'తెచ్చాము' వేరు. చెవిటివాడికైనా తెలుస్తుంది. మీ మాటలో తేడా అంతా చివర ఒక్క సున్నా. పెదాలు మూస్తే ఇద్దరు, తెరిస్తే ఒక్కరు. నేను వారం నుంచి రాసుకుంటున్నాను. కుడి చెవిలో ఆ సున్నా ఒక్కసారి కూడా రాలేదు. ఎడమ చెవిలో పదకొండుసార్లు వచ్చింది." అతను పెన్సిలు దించాడు. "ఆ సున్నా ఎవరండీ?"

పాండురంగం ముఖం ఎర్రబడింది. "నా ఇంట్ల ఉండుకుంట నా మాటకే స్కేలు పెడుతున్నవా సారు? పోయి నీ మేస్త్రీలను చూస్కో." దబదబా మెట్లు దిగిపోయాడు.

ఆ పూటనుంచి ఆయన కథలు చెప్పడం మానేశాడు. సత్తెమ్మకు పాలు పొంగలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె తనే వచ్చి మంచం పక్కన నిలబడింది.

"ఏమయ్య, కరెంటు ముచ్చట చెప్తలేవు. పాణం బాగలేదా?"

"నువ్వు ఇంటవా?"

"ఇంటలేనుగని, ఒర్రుతుంటె ఇంట్ల మనిషున్నట్టుంటది."

ఆమె లోపలికి పోయాక ఆయన ఒక్కడే కూర్చుని ఆ కరెంటు కథను తనకు తనే చెప్పుకున్నాడు. కాయితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది తను, నిజమే. స్తంభాలు లారీలో వచ్చి రోడ్డు పక్కన పడ్డాయి. అవతలి కాలనీవాళ్ళు ఎత్తుకుపోతారని మూడు రోజులు వానలో వాటి మీద గొంగడి కప్పుకుని కూర్చున్నది మల్లేశం. తరవాత పన్నెండు రోజులు దవాఖానలో పడుకున్నదీ మల్లేశమే. ఈ ఐదేళ్ళుగా ఆయన చెప్పిన కథలో ఆ స్తంభాలు వానలో వాటంతటవే కూర్చునేవి.

మేడ మీదికి పోదామా అనుకున్నాడు. త్రినాథరావు లేడు. "సారు పొద్దుగాల్నే గొడుగు పట్టుకొని అల్మాస్‌గూడ దిక్కు పోయిండు," అని ఐలమ్మ చెప్పింది. "గాడ మేస్త్రీలు అగ్గువకు దొరుకుతున్నరేమో."

ఆదివారం పొద్దున షామియానా కింద కాలనీ అంతా చేరింది. ఉపన్యాసం కోసం కాదు, మిర్చీ బజ్జీల కోసం. అయినా చేరింది. త్రినాథరావు ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన అతనితో పనిచేసే కుసుమకుమారి అనే ఆవిడ. పాండురంగం మెడలో దండ, భుజాన శాలువా, కళ్ళు మాత్రం గుడారం వాకిలి మీద. దండ వేస్తున్నప్పుడు అటే చూశాడు. ఫోటో తీస్తున్నప్పుడూ అటే చూశాడు. ఫోటోలో ఆయన చెవి పడింది.

మైకు ముందుకు పిలిచారు. అప్పుడు కనిపించాడు మల్లేశం, చివరి గుంజ దగ్గర, భుజాన తువ్వాలతో, గుడారం గట్టిగా కట్టారా లేదా చూడ్డానికి వచ్చినవాడిలా గుంజను పట్టుకుని.

"కాలనీ పెద్దలకు నమస్తే. గీ కాలనీకి కరెంటు నేనే తెచ్చి…"

పాండురంగం ఆగిపోయాడు. ఆయన కరెంటు మధ్యలో ఆగడం కాలనీ చరిత్రలో లేదు. మైకు గుయ్యిమంది. జనం బజ్జీలు నమలడం ఆపారు. సత్తెమ్మ మంచినీళ్ళ చెంబు పట్టుకుని లేచింది.

"తెచ్చినం," అన్నాడు ఆయన. పెదాలు గట్టిగా మూశాడు.

తరవాత స్తంభాల సంగతి చెప్పాడు. వాన సంగతి, గొంగడి సంగతి, పన్నెండు రోజుల దవాఖాన సంగతి. చెప్పడం చేతకాక తడబడ్డాడు, రిహార్సలు లేని భాగం అది. కానీ సున్నా పెట్టడంలో ఒక సుఖం ఉన్నట్టుంది, ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోయాడు.

"బోరు ఏపిచ్చినం. బస్సు ఆపిచ్చినం. ఐదో తరగతి పాసయినం. మా పలకను పంతులు ఊరంత తిప్పిండు…"

"అన్నా," అని గుంజ దగ్గర నుంచి వినబడింది. "ఐదో తరగతి నేను పాస్ కాలే. గది నువ్వొక్కనివే."

"కాలేదా?"

"నాలుగులనే నన్ను బర్రెల కాడికి తోలిండ్రు. అందరి ముంగట ఎందుకు ఇజ్జత్ తీస్తవ్."

కాలనీ నవ్వింది. పాండురంగం నవ్వలేదు. "అయిదేండ్లు యాడ సచ్చినవ్ రా," అన్నాడు, అదీ మైకులోనే. మల్లేశం గుంజ వదిలి ముందుకు నడిచాడు.

"నువ్వు పిలిచినవా? గీ సారొచ్చి అడిగిండు. అన్న మీద కోపమెందుకని అడిగిండు. కుడి చెవుల ఆయన మొఖం చూడ అని చెప్పిన. ఎడమ చెవి ముంగటికి పోయేసరికి, అన్నకు మోకాళ్ళ నొప్పులు తగ్గినయా అని అడిగిన. ఎట్ల అడిగిననో నాకే తెల్వది."

సత్తెమ్మ చెంబు నీళ్ళు మల్లేశానికి ఇచ్చింది. వేదిక మీదికి ఇంకో కుర్చీ వచ్చింది. పాండురంగం అప్పుడు కూర్చున్నాడు.

సభ అయి చాయ్ తాగుతుండగా ఆయన గర్వంగా కుసుమకుమారి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీ పని మంచిదమ్మ. ఒకపారి కుడి దిక్కు, ఒకపారి ఎడమ దిక్కు. గందుకే సారుకు గీ అలవాటయింది."

ఆవిడ అర్థంకానట్టు చూసింది. "లేదండీ. కుడిదీ ఎడమదీ యంత్రం ఒకేసారి పట్టేస్తుంది. రెండుసార్లు వినే పనే లేదు."

"మరి మీ ఆఫీసుల అందరితోని రెండుసార్లు చెప్పిస్తడు గద?"

"త్రినాథరావు గారా? సగం చెప్పేలోపే 'అర్థమైంది' అని వెళ్ళిపోతారండీ. ఆయనకి ఒక్క మాటైనా పూర్తిగా చెప్పినవాళ్ళు మా డిపార్టుమెంటులో లేరు."

పాండురంగం నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. త్రినాథరావు తన చాయ్‌లో ఏదో పడ్డట్టు దీక్షగా చూస్తున్నాడు.

"సారూ. ఏంది గిది?"

"అదేనండీ… మొదటిరోజు మీరు కరెంటు సంగతి చెప్పడం అయిపోయింది. కానీ అవనట్టు కూర్చున్నారు. ఇంకోసారి చెప్పండి అని ఊరికే అంటే వెక్కిరించినట్టు ఉంటుంది కదా. దగ్గరున్న రెండో చెవి పేరు చెప్పాను. తరవాత ఐలమ్మ గారు కాలనీ అంతా చాటారు, ఇక మానడానికి వీల్లేకపోయింది." గొంతు తగ్గించాడు. "మేడ మీద నేనూ ఒక్కణ్ణే కదండీ. రెండోసారి చెప్పేటప్పటికి మనుషులు ఇంకాస్త దగ్గరికి జరుగుతారు."

పాండురంగం గ్లాసు కింద పెట్టాడు. "తమ్మీ, ఇటు రా," అని మల్లేశాన్ని పిలిచాడు. త్రినాథరావును భుజం పట్టి నవారు మంచం మధ్యలో కూర్చోబెట్టాడు. తను కుడి పక్కన కూర్చున్నాడు. మల్లేశం ఎడమ పక్కన కూర్చున్నాడు.

"మీ గిన్నె రెండు దిక్కులవి ఒక్కపారే ఇంటదంట గద సారు. ఇగ ఇను."

ఇద్దరూ ఒకేసారి కరెంటు కథ మొదలుపెట్టారు. కుడి చెవిలో స్తంభాలు పద్దెనిమిది, ఎడమ చెవిలో ఇరవై రెండు. కుడి చెవిలో వాన చినుకులు, ఎడమ చెవిలో కుంభవృష్టి. బోరు దగ్గరికి వచ్చేసరికి ఒకరి మాట ఒకరు కోసుకుంటూ అతని మోకాళ్ళ మీద చరిచి మరీ చెబుతున్నారు. మధ్యాహ్నం మూడైంది. వంటింట్లో సత్తెమ్మ ముగ్గురికీ కంచాలు పెట్టి రెండుసార్లు పిలిచింది, ఎవరూ కదల్లేదు. త్రినాథరావు ఒకసారి కళ్ళజోడు సవరించుకుని నోరు తెరవబోయాడు. ఆ రోజు అతను ఎవర్నీ మళ్ళీ చెప్పమని అడగలేదు. అడిగే సందు ఎవరిచ్చారు గనక.